ఓనరుగారిని కూర్చోమనలేదు

ఆ షాపు పేరు చెప్పను. చెబితే ఊరికే పబ్లిసిటీ ఇచ్చినట్టవుతుంది. విజయవాడలో నాలుగంతస్తుల బట్టల షాపు, గుమ్మం ముందు నుంచి నడిచినా ఏసీ గాలి మొహానికి తగులుతుంది. అంతవరకు తెలిస్తే చాలు.

మా అమ్మాయి సింధూరి పెళ్ళి ఆరు వారాలుందనగా, నేనూ మా పెద్దాడపడుచు నాగమల్లేశ్వరి వదినా ఆ షాపుకి వెళ్ళాం. ఆ రోజు కొనడానికి కాదు, రకాలు చూసుకోవడానికి. పెళ్ళికూతురికి పదకొండు పట్టు చీరలు, రెండు వైపులా ఆడవాళ్ళకు పెట్టే పెట్టుబడి చీరలు తొంభై పైచిలుకు కావాలి. కంకిపాడులో మాకు పొలాలున్నాయి, మా ఆయన వెంకటకృష్ణారావుగారికి ఎరువుల షాపుంది. పెళ్ళి చీరల దగ్గర వెనకాడే ఇల్లు కాదు మాది. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను, కానీ ఈ కథకి ఆ మాట అవసరం కూడా.

పట్టు సెక్షన్‌లో మాకు చీరలు చూపించిన అమ్మాయి పేరు దుర్గ. ముప్ఫై ఏళ్ళుంటాయి. పని తెలిసిన పిల్ల. "ఇది మీ ఆడపడుచుగారికి నప్పుద్దండీ, మీకు మటుకు వద్దు," అని మొహాన చెప్పగల పిల్ల. అలాంటి వాళ్ళంటే నాకు ఇష్టం. మధ్యాహ్నం ఒంటి గంటకి మొదలుపెడితే నాలుగింటిదాకా విప్పుతూనే ఉంది, మడుస్తూనే ఉంది. మేం కౌంటరు ఇవతల మెత్తటి స్టూళ్ళ మీద కూర్చున్నాం. మాకు రెండుసార్లు కాఫీలు కూడా వచ్చాయి. ఆ అమ్మాయి అవతల నిలబడే ఉంది.

నాలుగింటికి గమనించాను, ఒక కాలు ఎత్తి రెండో కాలు మీద ఆనిస్తోంది, కాసేపటికి అది దించి ఇది ఎత్తుతోంది. కౌంటరు పక్క సందులోంచి వంగి చూశాను. రెండు పాదాలూ వాచిపోయి చెప్పుల్లోంచి బయటికి పొంగుతున్నాయి.

"ఎప్పట్నుంచి నిలబడ్డావమ్మా?" అన్నాను.

"పొద్దున తొమ్మిదిన్నర నుంచండీ. అలవాటే."

"ఇలా వచ్చి నా పక్కన కూర్చో. ఇక్కడ కూర్చునే మడత పెట్టు."

"వద్దండీ."

"పర్లేదు, రా."

"వద్దండీ, పర్లేదండీ."

మా వైపు ఎవరినైనా భోజనానికి లేవమన్నా, కుర్చీలో కూర్చోమన్నా ముందు వద్దంటారు. అది మొహమాటం. రెండోసారీ వద్దంటారు, అది మర్యాద. మూడోసారి మనం చెయ్యి పట్టుకుని లాగాలి. లాగకపోతే మనకి పెట్టే బుద్ధి లేనట్టు. నేను పుట్టి పెరిగిన లెక్క ఇదే. దుర్గ మూడోసారి కూడా వద్దంది. నేను లేచి, కౌంటరు చుట్టూ తిరిగి వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా పక్క ఖాళీ స్టూలు మీద కూర్చోబెట్టాను. పది నిమిషాలు కూర్చుందేమో. ఇంటికొచ్చేటప్పుడు కారులో నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

తర్వాతి గురువారం అసలు కొనడానికి వెళ్ళాం. పెళ్ళి బట్టల్లో మొదట మధుపర్కాలు కొనాలి. పెళ్ళి పీటల మీద వధూవరులు కట్టుకునే తెల్ల నూలు బట్టలు అవి. వాటిని మంచి ఘడియలో కొని, పసుపు పెట్టి పక్కన ఉంచాకే మిగతావి ముట్టుకుంటాం. మా వదిన పంచాంగం చూసి పది ఇరవై నుంచి పదకొండు లోపు అని తేల్చింది. మా ఇంట్లో పంచాంగం విషయంలో ఆవిడ మాటకి తిరుగు లేదు. పన్నెండు మంది ఆడవాళ్ళం ట్రావెలర్ బండి మాట్లాడుకుని పది గంటలకల్లా షాపులో ఉన్నాం.

"దుర్గని పిలవండి, మాకు ఆ అమ్మాయే చూపించాలి," అన్నాను.

కౌంటరు వెనకున్న పిల్ల చూపు దించుకుంది. పాతికేళ్ళ లోపే, మెళ్ళో ఐడీ కార్డు మీద హెప్సిబా అని ఉంది. ఒక చీర విప్పి మా ముందు పరుస్తున్నట్టు వంగి, గొంతు తగ్గించి చెప్పింది.

"దుర్గక్కని తీసేశారండీ. ఆ రోజు మీ పక్కన కూర్చుందిగా, కెమెరాలో చూశారు. మా అందరి ముందూ మెళ్ళో కార్డు తీయించి పంపించేశారు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఫ్లోర్ మేనేజర్‌ని పిలిచాను. టై కట్టుకున్న కుర్రాడు, చేతులు కట్టుకుని వినయంగా వచ్చాడు.

"కస్టమర్ స్టూలు మీద స్టాఫ్ కూర్చోకూడదండీ. రూలు," అన్నాడు.

"కూర్చోబెట్టింది నేను."

"మీరు పెద్ద మనసుతో అంటారండీ. ఆవిడకి తెలియాలి కదా."

"అయితే కౌంటరు అవతల మీ అమ్మాయిలకి వేరే స్టూళ్ళు వేయించండి. దుర్గని పిలిపించండి. అప్పుడు కొంటాం."

ఆ కుర్రాడు నవ్వాడు. పెద్దవాళ్ళు ముచ్చటగా ఏదో అంటారులే అన్న నవ్వు. ఏదైనా అనుంటే సర్దుకునేదాన్నేమో, ఆ నవ్వు మటుకు నాకు ఎక్కడో తగిలింది.

"లేవండమ్మా అందరూ. మనం ఇక్కడ కొనట్లేదు," అన్నాను.

అప్పటికి పది నలభై. మధుపర్కాలు మా ముందు కౌంటరు మీదే ఉన్నాయి. మా వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

"ఛాయా, ముహూర్తం దాటిపోద్దే. ముందు ఇవన్నా తీసుకో. తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు పోట్లాడుకో."

"ఇక్కడ ఒక్క దారప్పోగు కూడా వద్దు వదినా."

మెట్లు దిగుతుండగానే పదకొండయింది. బండెక్కాక మా వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మిగతావాళ్ళు నన్ను చూసే చూపుల్లో నాకు పిచ్చేమో అన్న అనుమానం ఉంది. నాకు మాత్రం లేదా ఏమిటి ఆ అనుమానం? ఆడపిల్ల పెళ్ళి పెట్టుకుని మంచి ఘడియ వదిలేసి వచ్చాను.

దిగేటప్పుడు మెట్ల దగ్గర హెప్సిబా నా నంబరు తీసుకుని, దుర్గ ఇల్లు ఎక్కడో చెప్పింది. గుణదలలో, కొండకి వెళ్ళే దారిలో ఒక సందు. బండి రోడ్డు మీద ఆపించి నేనూ వదినా నడిచి వెళ్ళాం. రెండు గదుల ఇల్లు. దుర్గ వాళ్ళమ్మ కొండలమ్మ గుమ్మంలో చేపల గంప కడుగుతోంది. నాగాయలంక వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళు. మమ్మల్ని చూడగానే చేతులు తుడుచుకుని రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది.

"క్షమించమ్మా, నా వల్ల నీ ఉద్యోగం పోయింది," అన్నాను దుర్గతో.

"మీరు మంచికే చేశారండీ," అంది. "కానీ నేను మూడుసార్లు వద్దన్నానండీ."

ఆ పిల్ల భయాన్ని నేను మొహమాటం అనుకున్నాను. వద్దన్న మాటకి వద్దనే అర్థం ఉంటుందని యాభై నాలుగేళ్ళకి నాకు ఒకరు చెప్పాల్సి వచ్చింది.

"మా ఎరువుల షాపులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం ఉంది. రేపట్నుంచి వచ్చెయ్," అన్నాను.

"ఉద్యోగానికేం, ఎక్కడన్నా దొరుకుద్దండీ. నేను ఆ షాపుకే వెళ్ళాలి. తొమ్మిదేళ్ళు చేశాను. ఏ చీర ఎక్కడ నేశారో చెయ్యి వేసి చెప్తాను. అలాంటిదాన్ని, దొంగతనం చేసి దొరికినట్టు అందరి ముందూ కార్డు లాక్కుని పంపారు. మళ్ళీ ఆ మెట్లెక్కి లోపలికి వెళ్తేనేగానీ నాకు అన్నం సయించదు."

కొండలమ్మ గంప బోర్లించి ఆరబెట్టింది. "నేను ఇంటర్‌తో ఆపకుండా డిగ్రీ చదివించానమ్మా," అంది మా వదినతో. "నేను చేపలు కూర్చుని అమ్ముతాను. నా కూతురు పట్టు చీరలు నిలబడి అమ్ముద్ది. ఏం బావుకున్నట్టు?"

ఆ సాయంత్రం ఇంకో నాలుగు షాపులు తిరిగాం. ప్రతి గుమ్మం దగ్గరా ఒకే ప్రశ్న అడిగాను, మీ అమ్మాయిలకి కూర్చోడానికి ఏమన్నా ఉందా అని. ఒకచోట లంచ్ టైములో అరగంట కూర్చుంటారన్నారు. ఒకచోట ప్రశ్నే అర్థం కాలేదు. పన్నెండు మందిమీ ఒక్క ప్యాకెట్టు కూడా లేకుండా కంకిపాడు చేరాం.

మా ఆయన వీధి అరుగు మీదే ఎదురొచ్చారు. "చీరలేవి?" అన్నారు. చెప్పాను. "జాకెట్లకి మగ్గం వర్కు చెయ్యడానికే మూడు వారాలంట. పిల్ల ఏం కట్టుకుని పీటల మీద కూర్చుంటది?" అన్నారు. సింధూరికి ఫోన్ చేస్తే మాత్రం, "మంచి పని చేశావమ్మా. నాకు మామూలు జాకెట్లయినా పర్లేదు," అంది. నా కడుపున పుట్టిన పిల్ల అని అప్పుడు అనిపించింది.

కోపమైతే వచ్చింది కానీ ఏం చెయ్యాలో తెలియలేదు. ఒక్క పెళ్ళి బేరం పోతే ఆ నాలుగంతస్తుల షాపుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దారి నేను వెతకలేదు, దానంతట అదే దొరికింది. పెళ్ళి పిలుపులు మొదలుపెట్టాల్సిన రోజులు వచ్చాయి. మా వైపు కార్డు పంపితే సరిపోదు. ఇంటి ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, బొట్టు పెట్టి పిలవాలి. కంకిపాడు, పునాదిపాడు, ఉయ్యూరు, పామర్రు, అన్నీ కలిపి మూడొందల గడపలు. ప్రతి గడపలోనూ ఇంటి ఆడవాళ్ళు పని ఆపుకుని వచ్చి, మన ఎదురుగా కూర్చుని, మనం చెప్పేది వింటారు. అడిగే ప్రశ్న కూడా ఒకటే ఉంటుంది, చీరలు ఏం తీశారు అని.

"ఇంకా తియ్యలేదు," అనేదాన్ని. అంతటితో ఆ ఇంట్లో టీవీ ఆగిపోయేది. ఎందుకు తియ్యలేదో చెప్పేదాన్ని. "మీరు కొనేటప్పుడు కూడా అడగండి, అమ్మాయిలకి కూర్చునే వీలుందా అని," అనేదాన్ని. అంతే. ఉపన్యాసాలివ్వడం నాకు రాదు.

రెండు రోజులు మా వదిన నా వెనక ఊరికే భరిణె పట్టుకుని తిరిగింది. మూడో రోజు పునాదిపాడులో ఒక ఇంట్లో నేను నోరు తెరవకముందే ఆవిడే మొదలుపెట్టింది. "రెండు మోకాళ్ళూ ఆపరేషన్ చేయించుకున్నదాన్ని. నిలబడటమంటే ఏంటో నన్నడగండి. ఆ పిల్లలు పన్నెండు గంటలు నిలబడతన్నారు, మనం కాఫీ తాగుతా చూస్తన్నాం." ముహూర్తం పోయిందని ఆవిడకి ఇంకా దిగులుగానే ఉంది, నాకు తెలుసు. అయినా ఆ మాట ఆవిడ నోట వచ్చాక ఇక ఆగలేదు. నాకంటే ఆవిడే బాగా చెప్పింది కూడా.

ఆ సీజన్లో మా చుట్టుపక్కలే పదమూడు పెళ్ళిళ్ళున్నాయి. ఉయ్యూరు నుంచి ఒక డాక్టరుగారి భార్య బంధువులందరితో వెళ్ళి, ఆ షాపు గుమ్మంలోనే ప్రశ్న అడిగి, జవాబు విని వెనక్కి తిరిగిందట. పామర్రు వాళ్ళు మూడో అంతస్తుదాకా ఎక్కి దిగిపోయారట. అడిగినవాళ్ళంతా మా చుట్టాలేమీ కాదు. అసలు ఛాయాదేవి ఎవరో తెలియని వాళ్ళు కూడా అడిగారట. రెండు వారాలయ్యాక హెప్సిబా ఫోన్ చేసింది. "ఈ ఆదివారం పట్టు సెక్షన్ ఖాళీగా ఉందండీ. నేను చేరాక ఎప్పుడూ ఇలా చూళ్ళేదు," అంది.

పెళ్ళి పద్దెనిమిది రోజులుందనగా ఆ షాపు ఓనరుగారు మా ఇంటికి వచ్చారు. అరవై ఏళ్ళ మనిషి, తెల్ల చొక్కా, కారులోంచి స్వీట్ల పెట్టె పట్టుకుని దిగారు. మా వసారాలో నాలుగు పేము కుర్చీలున్నాయి. మా అత్తగారి కాలం నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గుమ్మంలోకి వచ్చిన మనిషి ఎవరైనా సరే, కరెంటు బిల్లు ఇచ్చే అతనైనా సరే, మొదట వినే మాట "కూర్చోండి". నేను ఆ మాట అనలేదు.

ఆయన నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను. ఆయన కుర్చీ వైపు చూశారు. నేను కుర్చీ వైపు చూడలేదు. మంచినీళ్ళు తెచ్చిచ్చాను. నిలబడే తాగారు. కాఫీ తెచ్చిచ్చాను. దాన్నీ నిలబడే తాగారు. మా ఆయన లోపల్నుంచి వచ్చి, పరిస్థితి చూసి, కంగారుగా ఒక కుర్చీ ముందుకి లాగబోయారు. నేను ఒక్క చూపు చూశాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ చూపు ఆయనకి తెలుసు. కుర్చీ వదిలేసి ఆయన కూడా నిలబడ్డారు. నేనూ నిలబడే ఉన్నాను. ఎదుటివాళ్ళని నిలబెట్టి నేను కూర్చుంటే నాకూ ఆ షాపు వాళ్ళకీ తేడా ఏముంది?

"పెళ్ళి బట్టలకి ఇరవై శాతం తగ్గిస్తామమ్మా," అన్నారు ఓనరుగారు.

"వద్దండీ."

"ఆ దుర్గని కూడా తీసుకుంటాం. రేపే రమ్మంటాం."

"ఒక్క దుర్గ కూర్చుంటే మిగతావాళ్ళ మాటేంటి? మీ షాపులో ఎంతమంది ఆడపిల్లలున్నారు?"

"నలభై రెండు మంది."

"నలభై రెండు స్టూళ్ళు వెయ్యండి."

ఆయన కాలు మార్చుకున్నారు. మళ్ళీ కాసేపటికి మార్చుకున్నారు. ఇరవై నిమిషాలయి ఉంటుంది. సిటీ నుంచి అంతదూరం వచ్చిన పెద్దమనిషిని అలా నిలబెట్టడం నాకు చచ్చేంత కష్టంగా ఉంది. నోటిదాకా వచ్చిన మాటని నాలుగుసార్లు మింగాను.

"నా మీద కోపం తెచ్చుకోకండి, ఒక మాట చెప్తాను," అన్నారాయన. "ఆ రూలు నేను సరదాకి పెట్టింది కాదమ్మా. మీలాంటి పెద్దింటి ఆడవాళ్ళే ఫిర్యాదుల పుస్తకంలో రాసి వెళ్ళారు. సేల్స్ గర్ల్ కూర్చుని సమాధానం చెప్పింది, మర్యాద లేదు అని. ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. మీకు నచ్చుద్దని చేశాం."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అలా రాసేవాళ్ళు నాకు తెలుసు. పదేళ్ళ క్రితమైతే నేనే రాసేదాన్నేమో.

"అయితే ఇప్పుడు కూడా మేమే రాసిస్తాం," అన్నాను. "మా ఎదురుగా మీ అమ్మాయిలు కూర్చుంటే మాకు మర్యాద తక్కువ కాదు అని. మా ఊళ్ళ ఆడవాళ్ళ సంతకాలు తెచ్చిస్తాను. మీ షాపులో అందరికీ కనపడేలా గోడకి తగిలించండి. కూర్చున్న పిల్ల మీద ఎవరన్నా ఫిర్యాదు చేస్తే మా కాగితం చూపించండి."

ఆయన ఆలోచించారు. పేము కుర్చీ వైపు ఇంకోసారి చూశారు. "సరేనమ్మా. స్టూళ్ళు వేయిస్తాను," అన్నారు.

"కూర్చోండి," అన్నాను వెంటనే. ఆయన కూర్చున్న తీరు చూస్తే నాకే జాలేసింది. మా ఆయన అంతకంటే త్వరగా కూర్చున్నారు.

నాలుగు రోజుల్లో నాలుగొందల పదకొండు సంతకాలయ్యాయి. కొండలమ్మ వేలిముద్ర వేస్తానంటే మా వదిన పక్కన కూర్చుని పేరు రాయించింది. దుర్గ కూడా ఓనరుగారికి ఒక షరతు పెట్టిందట, కార్డు తీయించిన మేనేజరే అదే చోట అందరి ముందూ తిరిగి ఇవ్వాలని. ఇచ్చాడు. మా వదిన పంచాంగం తిరగేసి, ఆదివారం ఉదయం తొమ్మిది యాభైకి అంతకంటే మంచి ఘడియ ఉందని కనిపెట్టింది. నిజంగా ఉందో, ఆవిడే కలిపిందో నేను అడగలేదు.

ఆదివారం వెళ్ళి మొదట మధుపర్కాలు కొన్నాం. ప్రతి కౌంటరు వెనకా ఒక స్టూలుంది. చీర విప్పడానికి లేస్తున్నారు, మడత పెట్టేటప్పుడు కూర్చుంటున్నారు. దుర్గ తన పాత చోటే ఉంది. మాకు చూపించిన చీరలు కూర్చుని మడత పెడుతుండగా మేనేజర్ ఎవరో ఒకావిడని తీసుకొచ్చి నా పక్క స్టూలు చూపించాడు. వయసు మళ్ళిన మనిషి, వంటి నిండా బంగారం. ఆవిడ దుర్గని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఈ అమ్మాయి లేవదా?" అంది మేనేజర్‌తో.

మేనేజర్ నా వైపు చూశాడు. నాలుగొందల పదకొండు సంతకాల కాగితం అతని వెనక గోడకే ఉంది. నాకు మాట పెదవులదాకా వచ్చింది. వదిన నా కంటే ముందే నోరు తెరవబోయింది. ఈలోపు దుర్గే తలెత్తింది. చేతిలో చీర పక్కన పెట్టలేదు, కంగారు పడలేదు.

"ఈ మడత అవ్వగానే లేచి చూపిస్తానండీ. మీరు కూర్చోండి," అంది.

ఆవిడ ఒక్క క్షణం నిలబడింది. తర్వాత కూర్చుంది. దుర్గ తొందర పడకుండా మడత పూర్తి చేసింది. నేనూ మా వదినా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేం మాట్లాడాల్సింది ఇంకేం మిగల్లేదు. నా జన్మలో అంత గర్వంగా నోరు మూసుకుని కూర్చున్న రోజు ఇంకోటి లేదు.